కష్టానికి కర్త ఎవరు?

కష్టంలో పడిన మనిషిని గురించి లోకం మొదట వేసే ప్రశ్న "వాడేం చేసుకున్నాడు?" అని. ఇది ఈనాటి ప్రశ్న కాదు. కర్మ సిద్ధాంతం దీనికి జవాబును పూర్వజన్మలో వెతికింది. దొరల చట్టం కొన్ని తెగల విషయంలో పుట్టుకలోనే వెతికింది. ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకాలు అమ్మేవారు మనిషి ఆలోచనా ధోరణిలో వెతుకుతున్నారు. వెతికే చోటు మారిందే గాని దిక్కు మారలేదు. వేలు మనిషి లోపలికే చూపుతున్నది.

ఈ వేలును మరోవైపు తిప్పడానికి మనస్తత్వ చికిత్సా రంగంలోనే గత నలభై, యాభై ఏండ్లలో ఒక ప్రయత్నం జరిగింది. అందులో రెండు శాఖలున్నవి. ఒకటి పరిష్కార కేంద్రిత చికిత్స, రెండవది కథన చికిత్స. వీటి ముఖ్య భావాలను, పద్ధతులను పాఠకులకు పరిచయం చేసి, మన నేల మీద నిలబెట్టి తూచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. సాహిత్య విమర్శ పత్రికలో వైద్యం సంగతి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ వైద్యంలో మందు లేదు, మాట మాత్రమే ఉన్నది. మనిషి తన బతుకును ఏ కథగా చెప్పుకుంటున్నాడు? ఆ కథను అతని చేతికి ఎవరిచ్చారు? దాన్ని మార్చి చెప్పే అధికారం అతనికి ఉన్నదా? ఇవి విమర్శకుడు తప్పించుకోగల ప్రశ్నలు కావు.

నేను బడిపంతులును, వైద్యుణ్ణి కాను. కడప నుంచి వేంపల్లె, పులివెందుల వైపు పోయేటప్పుడు తగిలే పెండ్లిమర్రి మండలం నేను పనిచేసే చోటు. వానకంటె బోరును, బోరుకంటె అప్పును నమ్ముకొని సేద్యం నడిచే పల్లెలు ఇక్కడివి. ఈ పల్లెల పిల్లలకు పాఠం చెప్పేవానికి కష్టానికి కర్త ఎవరన్న ప్రశ్న పుస్తకాలలోనే ఎదురు కావలసిన పనిలేదు.

ముందు ఆ వేలి సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

1871లో వలస ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. కడప జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఆ చట్టం కింద నమోదైన తెగలలో ఎరుకలవారు ఒకరు. అంతకు మునుపు వారు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని కోస్తా నుంచి మెట్టసీమలకు తిరిగి వర్తకం చేసినవారు. రైళ్లూ, సర్కారు ఉప్పు విధానమూ కలిసి ఆ వర్తకాన్ని మింగినవి. వర్తకం పోయినవాడు దేశదిమ్మరిగా కనిపించాడు. దేశదిమ్మరి దొంగగా రికార్డుకెక్కాడు. 1913లో స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి, దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. అక్కడ పుట్టిన బిడ్డకు పేరు పెట్టకముందే ముద్ర పడేది. చట్టం 1952లో రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. 2023లో కూడా స్టూవర్టుపురం దొంగ కథతో తెలుగులో సినిమా వచ్చింది. ఒక తెగ జీవనోపాధి ఎలా నాశనమయిందన్న చరిత్ర, ఆ తెగ స్వభావం ఏమిటన్న కథగా మారిపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మరో ఉదాహరణ. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారం చావబోయి బతికినవాడు ముద్దాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అటువంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతన్ని శిక్షించరాదని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. బతకలేకపోవడం నేరం కాదని పూర్తిగా ఒప్పుకోవడానికి మన చట్టానికి నూట అరవై ఏండ్లకు పైగా పట్టింది.

మూడవది మనకు బాగా దగ్గరి సంగతి. 2004 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు జి.ఓ. ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు ఇవ్వాలన్నది అందులోని ఏర్పాటు. తరువాతి ప్రభుత్వాలు ఆ మొత్తాన్ని పెంచినవి. సాయం అవసరమే, అందులో వివాదం లేదు. కాని అది చేతికి రావాలంటే రెవిన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు కూర్చొని, ఆ చావు నిజమైన రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. కాగితాలు కావాలి. కౌలుదారుకు పట్టా ఉండదు. ప్రాంసరీ నోటు ఉన్నా, అది అప్పిచ్చినవాని పెట్టెలో ఉంటుంది. కాగితం లేనిచోట కారణం మారిపోతుంది: తాగుడు, ఇంటి గొడవ, కడుపు నొప్పి. చనిపోయినవాడు తన చావుకు తానే కారణమని రుజువు కావడానికి ఒక ఫైలు చాలు.

తెగను గురించీ, వ్యక్తిని గురించీ, చచ్చిపోయినవాణ్ణి గురించీ చెప్పిన ఈ మూడు కథలకూ రచయిత అధికారం. మూడింటిలోనూ సమస్యకూ మనిషికీ మధ్య ఉండవలసిన గీత చెరిగిపోయింది. నేను చెప్పబోయే చికిత్సలు రెండూ ఆ గీతను తిరిగి గీయడంతో ప్రారంభమవుతవి.

మొదటిది పరిష్కార కేంద్రిత చికిత్స. స్టీవ్ డి షేజర్, ఆయన భార్య ఇన్సూ కిమ్ బెర్గ్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1978లో ఒక చికిత్సా కేంద్రం పెట్టి, సహచరులతో కలిసి దీన్ని రూపొందించారు. ఫ్రాయిడు సంప్రదాయంలో వైద్యుడు రోగి గతంలోకి తవ్వుకుంటూ పోతాడు. కారణం దొరికితే గాని పరిష్కారం లేదన్నది అక్కడి నమ్మకం. వీరు ఆ నమ్మకాన్నే ప్రశ్నించారు. తాళంచెవి ఎలా పోయిందో తెలియకపోయినా తలుపు తెరవవచ్చునన్నది వీరి వాదం. పనిచేస్తున్నదాన్ని కదిలించవద్దు, ఏది పనిచేస్తున్నదో తెలిస్తే అదే ఇంకొంచెం చెయ్యి, పనిచేయకపోతే మరొకటి చేసి చూడు. వీరి సూత్రాలు ఈ మూడే.

వీరి పనిముట్లు ప్రశ్నలు. అందులో ప్రసిద్ధమైనది అద్భుత ప్రశ్న: ఈ రాత్రి నీవు నిద్రపోతున్నప్పుడు ఒక అద్భుతం జరిగి నీ సమస్య తీరిపోయిందనుకో. నిద్రలో ఉన్నావు గనుక ఆ సంగతి నీకు తెలియదు. తెల్లవారి లేచిన తరువాత ఏ చిన్న మార్పును బట్టి అది తీరిందని గుర్తుపడతావు? పొలతల మల్లేశ్వరునికి మొక్కుకొని వచ్చేవారికి అద్భుతమంటే కొత్త కాదు. కాని ఈ ప్రశ్నలో అద్భుతం సాకు మాత్రమే. అసలు అడుగుతున్నది తెల్లవారిన తరువాతి సంగతి. "అప్పు తీరిపోతుంది" అన్న జవాబు దగ్గర చికిత్సకుడు ఆగడు. అప్పు తీరిన పొద్దున నీవు ఎవరితో మాట్లాడతావు, నీ బిడ్డ నీలో ఏం మార్పు చూస్తుంది అని అడుగుతాడు. అప్పు తీరకపోయినా చేయగల పని ఏదో ఒకటి ఆ జవాబులలో నుంచి బయటపడుతుంది.

రెండవది మినహాయింపు ప్రశ్న. సమస్య రావలసి ఉండి రాని రోజు, వచ్చినా తీవ్రత తగ్గిన రోజు ఉన్నదా? ఆనాడు నీవేం చేశావు? మూడవది కొలబద్ద. సున్నా నుంచి పది వరకు ఒక గీత గీసి, నీవిప్పుడు ఎక్కడున్నావని అడుగుతారు. ఇది ఉపాధ్యాయులు వెంటనే గ్రహించగల పద్ధతి. లెక్కలలో తప్పిన పిల్లవాడు "రెండు" అంటాడు. మన బడులలో దాని వెంట వచ్చే మాట "మిగతా ఎనిమిది ఏమైనవిరా?" అని. ఈ పద్ధతిలో వచ్చే ప్రశ్న వేరు: "సున్నా ఎందుకు కాలేదు? ఆ రెండూ ఎక్కడివి?" పిల్లవాడు ఆలోచనలో పడతాడు. తన దగ్గర ఏమున్నదో లెక్కపెట్టుకొమ్మని అతన్ని అంతకు ముందెవరూ అడిగి ఉండరు. నాలుగవది తట్టుకొనే ప్రశ్న. ఇంత బరువు మీద పడినా నీవు ఇంతవరకు ఎలా నిలబడ్డావు? మెరుగైన రోజు ఒక్కటి కూడా గుర్తురాని మనిషిని అడిగే ప్రశ్న ఇది.

ఇక కథన చికిత్స. దీనికి ఆద్యులు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చెందిన మైకేల్ వైట్, న్యూజీలాండుకు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్. వారి ముఖ్య గ్రంథం 1990లో వచ్చింది. వైట్ 2008లో చనిపోయాడు. మనిషి సమస్య కాదు, సమస్యే సమస్య అన్నది వీరి మూలసూత్రం. వైట్ 1980లలో, పెద్దవాళ్లవుతున్నా గుడ్డలలోనే మలవిసర్జన చేసే పిల్లలతో పనిచేశాడు. అటువంటి పిల్లవాడు ఇంట్లో మురికివాడు, సోమరి, మొండివాడు. వైట్ ఆ బాధకు ఒక కొంటె పేరు పెట్టాడు. అది నిన్ను ఎప్పుడు మోసం చేస్తున్నది, నీ అమ్మకూ నీకూ మధ్య ఎలా తగవు పెడుతున్నది, నీవు దాన్ని ఎప్పుడైనా ఓడించావా అని అడిగాడు. తల్లి, తండ్రి, బిడ్డ ఒకరి మీద ఒకరు చేస్తున్న యుద్ధం ఆగి, ముగ్గురూ ఒక పక్షమయ్యారు. సమస్యను మనిషి నుంచి వేరుచేయడమంటే ఇది.

వేరుచేసిన తరువాత రెండవ పని ప్రారంభమవుతుంది. పాత కథలో ఇమడని సంఘటన కోసం వెతకాలి. మొండివాడన్న కథకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే ఒక్క పొద్దు, ఒక్క పని చాలు. ఆ సంఘటన ఎలా జరిగింది, దాని వెనుక ఏ కోరిక, ఏ విలువ ఉన్నది, అటువంటిది ఇంతకు ముందు ఎప్పుడు జరిగింది అని అడుగుతూ పోతే మరో కథ అల్లుకుంటుంది. ఆ కథను వినడానికి సాక్షులను పిలుస్తారు. సాక్షులు తీర్పు చెప్పరు, సలహా ఇవ్వరు. విన్నదానిలో తమను తాకినది ఏమిటో మాత్రం చెబుతారు. చికిత్సకుడు ఆ మనిషికి ఉత్తరం రాస్తాడు. ఆసుపత్రి రికార్డులో రోగిని గురించి రాసే రాత రోగికి కనిపించదు. ఇక్కడి రాత మాత్రం అతని పేరనే వస్తుంది, అతని ఇంట్లోనే ఉంటుంది.

వైట్ మీద ఫ్రెంచి తాత్వికుడు మిషెల్ ఫూకో ప్రభావం ఉన్నది. ఆధునిక అధికారం కొరడాతో మాత్రమే పనిచేయదు. మంచివాడెవడు, తెలివిగలవాడెవడు, ఆరోగ్యవంతుడెవడు అన్న కొలతలు తయారుచేసి, మనిషి తన్ను తానే కొలుచుకొని తక్కువని తేల్చుకొనేటట్టు చేస్తుంది. మన ప్రాంతపు విద్యార్థులకు ఇది అనుభవమే. 1990ల చివరి నుంచి వచ్చిన సినిమాలు రాయలసీమకు ఫ్యాక్షన్ అనే ఒక్క కథను అంటగట్టినవి. పులివెందుల నుంచో, జమ్మలమడుగు నుంచో హైదరాబాదుకు చదువుకోబోయిన పిల్లవాణ్ణి హాస్టలులో బాంబుల గురించి పరిహాసం చేస్తారు. అతను నవ్వుతాడు. కొన్నాళ్లకు ఆ మాట తానే చెప్పుకొని నవ్విస్తాడు. ఫ్యాక్షనులో చచ్చినవాళ్లెవరు, దానివల్ల కాంట్రాక్టులూ పదవులూ పొందినవాళ్లెవరు అన్న ప్రశ్న ఆ నవ్వు కింద కప్పబడిపోతుంది. హింస ఈ నేల నైజమని ఒప్పుకున్నాక ఇక ప్రశ్నించవలసినవాడు మిగలడు.

ఇంతవరకు నేను ఈ పద్ధతుల మంచినే చెప్పాను. అభ్యుదయవాది అడగవలసిన ప్రశ్న ఇప్పుడు వస్తుంది. సమస్యను మనిషి నుంచి వేరుచేశారు, సరే. వేరుచేసిన సమస్యను ఎక్కడ పెట్టారు?

దాన్ని గాలిలో వదిలేస్తే ఈ చికిత్స ఓదార్పు మాత్రమే అవుతుంది. నిరాశ అనే ఒక దయ్యం ఉన్నది, అది నీ మీదికి వస్తున్నది, దానితో పోరాడు అని కౌలు రైతుకు చెప్పవచ్చు. అతను పోరాడవచ్చు కూడా. కాని ఆ దయ్యానికి ఒక చిరునామా ఉన్నది. 2011లో చట్టం చేసి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇస్తామన్నారు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం కార్డుకు భూయజమాని అంగీకారం కావాలన్నది. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. సంతకం లేనిదే బ్యాంకు గడప ఎక్కలేని బతుకు కౌలుదారుది. కార్డు లేనివాణ్ణి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ వైపు తోసేది అతని మనస్తత్వం కాదు. అద్భుత ప్రశ్న ఎంత నేర్పుగా అడిగినా దీన్ని మార్చలేదు.

అమెరికాలో ఈ పొట్టి చికిత్సలకు గిరాకీ పెరిగిన కాలం కూడా గమనించదగినది. 1980లు, 90లలో బీమా కంపెనీలు వైద్యం ఖర్చు తగ్గించడానికి పట్టుపట్టినవి. ఏండ్లు పట్టే చికిత్సకంటె అయిదారు సార్లలో ముగిసే చికిత్స వారికి లాభం. దీన్ని బట్టి ఆ చికిత్సే బూటకమనడం తొందరపాటు. మంచి పనిముట్టును కూడా యజమాని తన లెక్క కోసం వాడుకుంటాడన్నంత వరకే దీని అర్థం.

ఈ ప్రమాదాన్ని ఆ రంగంలోనే కొందరు గుర్తించారు. న్యూజీలాండులో వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌లో, మావోరీ, సమోవా, తెల్లజాతి కార్యకర్తలు కలిసి పనిచేసిన ఒక కుటుంబ కేంద్రం ఉన్నది. చార్లెస్ వాల్డ్‌గ్రేవ్, కీవీ తమసేసే మొదలైనవారు 1990లో న్యాయ చికిత్స అనే భావాన్ని వివరిస్తూ రాశారు. వారి దగ్గరకు దిగులుతో, ఇంటి కలతలతో వచ్చిన కుటుంబాలలో చాలామందికి ఉండడానికి సరైన ఇల్లు లేదు, పని లేదు. అటువంటివారికి కుటుంబ సంబంధాల చికిత్స చేసి, కొంత తేలికపరచి, తిరిగి అదే కొంపకు పంపడమంటే పేదరికంలో సుఖంగా ఉండడం నేర్పడమేనని వారు తేల్చారు. చికిత్స మానలేదు. దానితోపాటు ఇండ్ల కోసం, విధానాల మార్పు కోసం పరిశోధన, ఆందోళన చేశారు. వేరుచేసిన సమస్యను వారు దాని అసలు ఇంటికి చేర్చారు.

ఇంతటితో ఆగితే మన వాదం సులభంగా గెలిచినట్టే. కాని రెండవ ప్రమాదం మనవైపు నుంచే ఉన్నది. వ్యవస్థే కారణమని తెలుసుకున్నవాడు, ఆ తెలివితో కష్టజీవి ముందు నిలబడి, అతన్ని తన సిద్ధాంతానికి ఒక ఉదాహరణగా చూడడం కద్దు. దొంగ అన్న ముద్ర తీసి బాధితుడు అన్న ముద్ర వేస్తాడు. రెండవది మెత్తనిది, సానుభూతిగలది. అయినా ముద్రే. అందులో కూడా ఆ మనిషి ఏమీ చేసినవాడు కాడు. అతనికి అన్నీ జరిగినవి.

ఈ మండలంలోని ఒక పల్లెలో, కౌలు సేద్యంలో మునిగి భర్త ప్రాణం తీసుకున్న ఒక స్త్రీ దగ్గరకు కొందరం ఉపాధ్యాయులం పోయినాము. ఆమె కథ అప్పటికే చాలామందికి చెప్పింది: పోలీసులకు, రెవిన్యూవారికి, విలేకరులకు, సంఘాలవారికి. రెండు బోర్లు, ఎండిన చేను, అప్పు మొత్తం, పురుగుల మందు డబ్బా. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. స్వరం ఎక్కడా మారలేదు. కొత్తవారికి ఏ అంకె కావాలో ఆమెకు తెలుసు. మాతో వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు చివరకు, "అక్కా, ఆ మూడేండ్లు ఇల్లు యెట్ల నడిపితివి?" అని అడిగింది.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "యేం నడిపేది మ్మా. ఆ మనిషికి లెక్క రాదు. గోడ మింద బొగ్గుతో గీతలు గీస్తి, ఎవురికి ఎంత పోయిందో. కాటా కాడ నేనే నిలబడుకొంటి. తూకం తప్పితే మళ్లా ఎత్తించినా. ఆ పొద్దు నా యెనక ఇంగా నలుగురు ఆడోళ్లు మళ్లా తూయించుకొనిరి" అన్నది. మాట్లాడుతూ లేచి పోయి ఆ గోడ చూపించింది. సున్నం కొట్టకుండా వదిలిన చోట గీతలున్నవి.

ఈ మాటలు ఏ ఫైలులోనూ లేవు. అందులో ఉండడానికి వాటికి గడి లేదు. అంతేకాదు, మన సానుభూతి కథలో కూడా వాటికి చోటు లేదు. కాని రాజకీయంగా చూస్తే ఆ అరగంటలో అన్నిటికంటె విలువైన సమాచారం అదే. తూకం మోసం ఎక్కడ జరుగుతున్నదో, దాన్ని ఎదిరించే శక్తి ఆ ఊళ్లో ఎవరి దగ్గర ఉన్నదో, ఒకరు నిలబడితే ఎంతమంది వెనక వస్తారో అందులో ఉన్నది. తట్టుకొనే ప్రశ్న అని మిల్వాకీవారు పేరు పెట్టినది ఆ ఉపాధ్యాయురాలు పుస్తకం చూడకుండానే అడిగింది. మనిషిని మనిషిగా చూసేవారికి అది సహజంగా వచ్చే ప్రశ్న.

వేరుచేయడం, సరైన చోట పెట్టడం, మనిషిలోని కర్తను మేల్కొల్పడం ఈ మూడూ ఒకేసారి జరిగిన సంఘటన మన పక్క జిల్లాలోనే ఉన్నది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ప్రారంభమయింది. వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉన్నది. సారా వల్ల నాశనమైన ఒక సంసారం కథ అది. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు దాన్ని గురించి మాట్లాడుకున్నారు. అంతవరకు ప్రతి ఇంట్లోనూ ఆ కష్టం విడివిడిగా ఉన్నది. నా మొగుడు మంచివాడు కాడు, నా తలరాత మంచిది కాదు అన్నది ఎవరి మటుకు వారు మోస్తున్న కథ. సీతమ్మ మధ్యకు వచ్చి కూర్చున్న తరువాత సిగ్గు లేకుండా మాట్లాడడం సాధ్యమయింది. ఎందుకంటే మాట్లాడుతున్నది సీతమ్మ గురించి గదా! మాట్లాడేకొద్దీ సమస్యకు పేరు దొరికింది. పేరు సారా. పేరు దొరికాక చిరునామా కూడా దొరికింది. దుకాణం ఎవరిది? వేలంపాట ఎవరు పాడారు? ఆ ఆదాయం ఏ ఖజానాకు పోతున్నది?

దూబగుంట రోశమ్మ పేరు ఆ తరువాత రాష్ట్రమంతా తెలిసింది. ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించి, సారా వేలంపాటలు జరగకుండా ఆపి, ఇతర జిల్లాలకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినవి. ఇందులో చికిత్సకుడెవరూ లేరు. అయినా కథన చికిత్స చెప్పే ప్రతి అంగమూ ఇందులో ఉన్నది: పేరు పెట్టడం, పాత కథకు లొంగని సంఘటన, సాక్షులు, కొత్త కథ. ఆ చికిత్సలో సాధారణంగా కనబడనిది ఒకటి అదనంగా ఉన్నది. సాక్షులు విని ఊరుకోలేదు, లేచి నడిచారు.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించవలసి ఉన్నది. సమస్య మనిషి కాదంటే మనిషికి బాధ్యత లేదని అర్థం కాదు. తాగి కొట్టిన భర్తను దూబగుంట ఆడవాళ్లు క్షమించి వదలలేదు. సారా వేరు, నీవు వేరు, కాబట్టి నీవు ఏ వైపు నిలబడతావో తేల్చుకో అన్నారు. మనిషే సమస్య అనుకున్నంతకాలం అతన్ని తిట్టవచ్చు గాని, ఏమీ కోరలేము. దొంగ జాతిలో పుట్టినవాణ్ణి మారమనడంలో అర్థం లేదు. నైజం వేరు, చేత వేరు అని ఒప్పుకున్నప్పుడే బాధ్యత అన్న మాటకు అర్థం వస్తుంది.

మరో సంగతి కూడా దాచకూడదు. 1997లో మద్య నిషేధం సడలించారు. ఖజానా తన పాత కథను తిరిగి చెప్పుకున్నది. కథ మార్చి చెప్పడంతోనే లోకం మారదనడానికి ఇది చాలు. కథ వెనుక సంఘం నిలవాలి. సంఘం వెనుక కథ లేకపోతే అదీ నిలవదు. తమ బతుకు తమ తలరాత అనుకునేవారు సభకు రావచ్చు గాని, పోరాటానికి రారు.

అన్ని వ్యాధులకూ మాట మందు కాదు. తీవ్రమైన మానసిక వ్యాధులకు వైద్యుడూ, ఔషధమూ కావాలి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం ప్రారంభమైనా పల్లెలకు వాటి చేయి సరిగా అందలేదు. 2022 అక్టోబరులో టెలి మానస్ పేరుతో ఫోను సేవ మొదలయింది. 14416 నంబరుకు చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి బడి గోడ మీద, ప్రతి సంఘం కార్యాలయంలో ఉండడం మంచిది. దాన్ని వ్యవస్థ మార్పుకు ప్రత్యామ్నాయమని ఎగతాళి చేయనవసరం లేదు. మార్పు వచ్చేదాకా మనుషులు బతికి ఉండాలి గదా.

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నేను చెప్పదలచినది ఇంతే. పల్లెలకు పోయి వివరాలు సేకరించేటప్పుడు అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరిది అని తప్పక అడగండి. అవి అడగకపోతే కష్టానికి కర్త తప్పించుకుంటాడు. వాటితోపాటు, ఇంతవరకు ఎలా నిలబడ్డారు, ఎప్పుడు ఎదిరించారు, ఎవరు తోడు వచ్చారు అని కూడా అడగండి. అవి అడగకపోతే ఆ కష్టాన్ని తీర్చవలసిన కర్త మన కాగితంలో నుంచి తప్పిపోతాడు. మొదటి ప్రశ్నలకు జవాబులు రాసుకోవడానికి మన దగ్గర ఎన్నో పట్టికలున్నవి. రెండవ ప్రశ్నల కోసం పట్టికలో ఇంకొక గడి గీయవలసి ఉన్నది.